చేతికి తగిన వెలుగు

గొడుగులు, తాళాలు, టార్చిలైట్లు బాగుచేసే బల్లలు మా వైపు ఇంకా అక్కడక్కడ మిగిలాయి. తెనాలిలో అలాంటి ఒక బల్ల ముందు మొన్న సంక్రాంతి సెలవుల్లో గంటన్నర కూర్చున్నాను. పని చిన్నదే. మా పెదనాన్న వాడిన మూడు బ్యాటరీల ఇత్తడి టార్చి వెలగడం మానేసింది. ఆయన పోయి పదేళ్ళయినా అది మా వసారాలో మేకుకి వేలాడుతూనే ఉంది. కరెంటు పోతే ఇంట్లో అందరి చేతులూ ముందు అటే పోతాయి. దాన్ని సాయిబుగారి చేతికిచ్చి సంగతి చెప్పాను. ఆయన మీట నొక్కి చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపారు. "లోపల కదలట్లేదు బాబూ. బ్యాటరీ కారి పట్టేసింది," అన్నారు.

బల్ల మీద పాత పేపరు పరిచి ఒక్కొక్క భాగమే విప్పి వరసగా పెట్టారు. అడుగు మూత, దానిలో స్ప్రింగు, రెండు మంచి బ్యాటరీలు, కర్రతో తట్టి తట్టి బయటికి లాగిన మూడోది, తల, అద్దం, అద్దం చుట్టూ ఉండే రబ్బరు చుట్టు, రిఫ్లెక్టరు, బల్బు, బల్బుని పట్టి ఉంచే చిన్న మర. ఇంతసేపూ ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. అన్నీ మర తిప్పితే వచ్చేవే, తిప్పితే బిగిసేవే. నలభై ఏళ్ళు వాడినా ఆ మరల్లో ఒక్కటీ అరిగి జారిపోలేదు. పలచటి ఇత్తడి రేకుకి మర పెట్టడం తేలికేమీ కాదు. దాన్ని కోయకూడదు, కోస్తే రేకు తెగిపోతుంది. అచ్చుల మధ్య నొక్కి తిప్పి తీస్తారు. అందుకే బయట గీతలు ఎక్కడ లేచాయో లోపల సరిగ్గా అక్కడే గుంటలు ఉంటాయి. వేలు పెట్టి చూశాను, నిజమే.

గొట్టానికి పొడవునా గాళ్ళున్నాయి. చిన్నప్పుడు అవి అందానికి అనుకునేవాణ్ణి. చెమట చేతిలో జారకుండా పట్టు కోసం అని తరువాత తెలిసింది. సాయిబుగారు ఇంకో సంగతి చెప్పారు: "సాదా గొట్టమైతే గట్టు మీద పడితే సొట్ట పోతది. గీత పడిన రేకు వంగదు." రేకుల కప్పుకి అలలు పెట్టేదీ అందుకే కదా. నాణెం మందం కూడా లేని రేకు, లోపల దాదాపు మూడు వందల గ్రాముల బ్యాటరీల బరువు మోస్తూ నలభై ఏళ్ళు గట్ల మీద దొర్లింది. దాని ఒంటి మీద సొట్టలు మూడే మూడు.

ఇత్తడి ఎందుకు వాడారంటే ఇత్తడికి తుప్పు పట్టదు. చిలుము పడుతుంది, చింతపండు పెట్టి తోమితే పోతుంది. ఇనప గొట్టమైతే ఒక్క వానాకాలంతో దాని పని సరి. అదీ కాక ఈ గొట్టం వట్టి పెట్టె కాదు, కరెంటు తీగ కూడా ఇదే. టార్చిలో తీగలు ఉండవన్న సంగతి మనం గమనించం. ముందున్న బ్యాటరీ ఇత్తడి బొడిపె బల్బు అడుగుని తాకుతుంది. వెనకున్న బ్యాటరీ అడుగు స్ప్రింగు మీద కూర్చుంటుంది. స్ప్రింగు మూతకి, మూత మరల మీదుగా గొట్టానికి, గొట్టం నుంచి మీట కింది రేకుకి, ఆ రేకు నుంచి రిఫ్లెక్టరు మీదుగా బల్బు నడుముకి కరెంటు చేరుతుంది. ఈ దారి అంతటిలో తెగి ఉండేది మీట దగ్గర ఒక్కచోటే. అక్కడ అతికితే వెలుగు. మూత ఒక్క చుట్టు వదులైనా, మర మీద చిలుము పట్టినా వెలుగు మిణుకుమంటుంది. టార్చి వెలగకపోతే మనవాళ్ళు దాని వీపు మీద ఒక్కటి చరుస్తారే, అది ఉత్త కోపం కాదు, వైద్యమే. తాకని చోట్లు తాకుతాయి.

స్ప్రింగుని అరచేతిలో పెట్టుకుని చూశాను. కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం. అలా చుడితే పూర్తిగా అణిగినప్పుడు ఒక చుట్టలో ఇంకో చుట్ట దిగి బిళ్ళలా సర్దుకుంటుంది, చోటు తినదు. ఆ చుట్టల లోపలే, మూత అడుగున, కాగితంలో చుట్టిన ఇంకో బల్బు ఉంది. మా పెదనాన్న ఎప్పుడు దాచిపెట్టాడో.

కారిన బ్యాటరీని పేపరు మీద పగలగొట్టించాను, చూడాలని. ఈ పాత తరహా బ్యాటరీలో తమాషా ఏమిటంటే, జింకు డబ్బా లోపలి సరుకుని పట్టి ఉంచే గిన్నే కాదు, ఖర్చయ్యే సరుకు కూడా అదే. కరెంటు ఇచ్చిన కొద్దీ ఆ గిన్నె లోపలి నుంచి కరిగిపోతుంది. నడుమ బొగ్గు కడ్డీ, దాని చుట్టూ నల్లటి మాంగనీసు పొడి, ఉప్పుల ముద్ద. గిన్నెకి చిల్లు పడ్డ రోజున ముద్ద బయటికి వచ్చి ఇత్తడిని కొరుకుతుంది. అందుకని అయిపోయిన బ్యాటరీని టార్చిలో వదిలేయడం మహా తప్పు. వదిలేసింది నేనే కాబట్టి ఇంతకంటే ఎక్కువ అనను. మా చిన్నతనంలో ఈ బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టేవాళ్ళం. సాయంత్రానికి కాస్త ప్రాణం లేచొచ్చేది. వేడికి లోపలి రసాయనం చురుకవుతుందంతే, కొత్త శక్తి ఏమీ రాదు. చివరికి ఆ బొగ్గు కడ్డీ లాగి నాపరాళ్ళ మీద బొమ్మలు గీసేవాళ్ళం. రేడియోకి, టార్చికి వేసే ఆ లావు బ్యాటరీ మన గడ్డ మీదా తయారైంది. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీ, జపాన్ మత్సుషితా సాంకేతిక సాయంతో, నిప్పో బ్యాటరీలు చేసింది మన నెల్లూరులోనే.

ఇక తల. నేను ఎక్కువసేపు చూసింది దీన్నే. రిఫ్లెక్టరు చూడ్డానికి చిన్న గిన్నెలా ఉంటుంది గానీ గిన్నె వంపు కాదది, పారాబోలా. ఆ వంపు లోపల ఒక్క బిందువు ఉంటుంది. దీపం సరిగ్గా అక్కడ ఉంటేనే గోడకు తగిలిన ప్రతి కిరణమూ తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా ముందుకు పోతుంది. బియ్యపు గింజంత పక్కకి జరిగితే చెదిరిపోతుంది. టార్చి తలని కొంచెం తిప్పితే వెలుగు బిగుసుకోవడం, ఇంకొంచెం తిప్పితే పరుచుకుని నడుమ నల్ల మచ్చ పడడం చూశారు కదా, మర మీద రిఫ్లెక్టరు ముందుకూ వెనక్కూ జరగడమే అందులోని కిటుకు. మూడు బ్యాటరీల ఫిలమెంటు బల్బు ఇచ్చే వెలుగు మొత్తం ఇరవై ల్యూమెన్లకి అటూ ఇటూగా ఉంటుంది. ఇవాళ చేతిలో ఇమిడే ఎల్‌ఈడీ టార్చి వెయ్యి ల్యూమెన్లు ఇస్తోంది. అయినా ఆ ఇరవైతోనే మా పెదనాన్న గట్టు మీద నిలబడి రెండు మళ్ళ అవతల తూము దగ్గర నీళ్ళు పొర్లుతున్నాయో లేదో చెప్పేవాడు. ఉన్న కాస్త వెలుగునూ ఎటూ పోనివ్వకుండా ఒకే వైపు పంపిన వంపు పనితనం అది.

బల్బు మీద కంటికి కనపడీ కనపడనట్టు 3.8 అని చెక్కి ఉంది. మూడు బ్యాటరీలు కలిస్తే నాలుగున్నర వోల్టులు కావాలి కదా అని అడిగితే సాయిబుగారు నవ్వారు. బరువు పడితే బ్యాటరీ వోల్టేజి దిగుతుంది, దిగిన లెక్కకే బల్బు చేస్తారట. ఎండలో నడిచినవాడి నడక వేగాన్ని నీడలో కొలవకూడదన్నట్టు!

మీట సంగతి కూడా చెప్పాలి. ముందుకి తోస్తే నిలకడగా వెలిగేది, దాని నెత్తి మీది బొత్తాం నొక్కితే నొక్కినంతసేపే వెలిగేది, రెండూ ఒక్క చోటే. మా పెదనాన్న బొత్తామే వాడేవాడు. పది అడుగులకి ఒక మెరుపు. బ్యాటరీ డబ్బులు ఆదా, చీకటికి అలవాటు పడ్డ కళ్ళూ పాడు కావు. ఆ చోట బొటనవేలు రాసి రాసి పైపూత పోయి పసుప్పచ్చ ఇత్తడి బయటపడింది. నిజానికి ఈ వస్తువు పుట్టినప్పుడు అందరూ అలాగే వాడారు. డేవిడ్ మిసెల్ అనే ఆయన 1899లో అమెరికాలో దీనికి పేటెంటు పొందాడు. కాగితపు గొట్టంలో బ్యాటరీలు, ఒక చివర బల్బు, ఇత్తడి రిఫ్లెక్టరు. అప్పటి బ్యాటరీలు ఎక్కువసేపు కరెంటు ఇవ్వలేక ఆగి ఆగి మెరిపించాల్సి వచ్చేది. అమెరికా వాళ్ళు దాన్ని ఫ్లాష్‌లైటు అన్నది ఆ మెరుపు చూసే. మనకి ఇంగ్లండు మాట వచ్చింది. టార్చి అంటే వాళ్ళ భాషలో కాగడా. కాగడా పెట్టి వెతికినా దొరకదంటాం కదా, ఇప్పుడు చేసేదీ అదే, కాగడా మారిందంతే.

మీట కింది రేకు మారుస్తున్నంతసేపూ ఊరికే ఉండలేక, "ఇప్పుడు కొత్తది కొనాలంటే ఏది కొనమంటారు?" అని అడిగాను.

"ఎవరికి?" అన్నారు ఆయన.

ఈ ప్రశ్న ఏ దుకాణదారూ నన్ను అడగలేదు. నాలుగేళ్ళ కింద నేను కొన్న చార్జింగు లైటు కథ ఇక్కడ చెప్పాలి. ప్లాస్టిక్ ఒళ్ళు, వెనక నుంచి రెండు పిన్నులు బయటికి వస్తాయి, గోడకి గుచ్చితే చాలు. ఆర్నెల్లు బ్రహ్మాండంగా వెలిగింది. తరువాత మేం రెండు నెలలు ఊరికి పోయొచ్చేసరికి చచ్చిపోయింది. లోపల ఉండేది చిన్న సీసపు బ్యాటరీ. దాన్ని ఖాళీగా పడేస్తే పలకలు గట్టిపడి మళ్ళీ చార్జింగు పట్టవు. మారుద్దామంటే విప్పే దారి లేదు, నాలుగు వైపులా అంటించేశారు. ఇదే బల్ల మీద పెడితే సాయిబుగారు అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చేశారు. "తలుపు లేని ఇంట్లోకి ఎట్టా పోవాలి?" అన్నారు. అప్పటి నుంచీ టార్చి వెలిగించి చూసే ముందు తెరిచి చూడడం నా అలవాటు. బ్యాటరీ మనం మార్చుకోగలమా, మర సాఫీగా తిరుగుతోందా, రబ్బరు చుట్టు ఉందా, ఈ మూడూ చూశాకే ల్యూమెన్ల ఊసు.

ఎవరికి అన్నదానికి మొదట మా ఊళ్ళో మోటారు దగ్గరికి రాత్రిపూట వెళ్ళే మనిషిని తీసుకుందాం. అతనికి భయం పాము. దూరాన ఏముందో అక్కర్లేదు, పాదాల ముందు పది అడుగులు కావాలి. పాము కన్ను పిల్లి కన్నులా మెరవదు, కాబట్టి మెరుపు చూసి పసిగట్టడం కుదరదు. ఒంటి రంగు, ఒంటి గీత కనపడాల్సిందే. ఎండుటాకుల్లో రక్తపింజరి ఆకులాగే ఉంటుంది. ఇక్కడే చవక ఎల్‌ఈడీలు మోసం చేస్తాయి. తెల్లటి ఎల్‌ఈడీ అంటే నీలం దీపం మీద పసుపు పొడి పూత. పూత నాసిగా ఉంటే ఎరుపు, గోధుమ రంగులు పాలిపోయి అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పడానికి వందకి ఒక లెక్క వేస్తారు, సీఆర్‌ఐ అంటారు. పాత ఫిలమెంటుకి దాదాపు వంద, మామూలు ఎల్‌ఈడీకి డెబ్బై చిల్లర, మంచివాటికి తొంభై పైన. గట్ల మీద నడిచేవాడు వెయ్యి ల్యూమెన్లు వదిలేసి, రెండు వందలే అయినా తొంభై సీఆర్‌ఐ ఉన్నది, వెలుగు వెడల్పుగా పరిచేది తీసుకోవాలి. టార్చి నడుము దగ్గర పట్టుకోవాలి, నుదుటి మీద కాదు. పొగమంచులో కంటి పక్క నుంచి పోయే వెలుగు తిరిగి కంట్లోకే వస్తుంది.

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద నిద్ర కాచేవాడి సంగతి వేరు. అతనికి రెండు చేతులూ కావాలి, చెక్ ట్రే పైకి లాగాలి, మేత ఎంత మిగిలిందో వేలితో కెలికి చూడాలి. నుదుటి లైటు కనిపెట్టింది ఇతని కోసమే అనిపిస్తుంది. పైగా రొయ్య కన్ను వెలుగు పడితే నిప్పుకణంలా మెరుస్తుంది. నీటి మీద ఆ చుక్కలు ఎక్కడ గుమిగూడాయో కళ్ళతోనే పసిగట్టొచ్చు. ఆ మెరుపు వెనక్కి, వెలుగు వచ్చిన దారినే వస్తుంది కాబట్టి దీపం కంటికి దగ్గరగా ఉంటేనే బాగా కనపడుతుంది. పొలం గట్టు మీద పనికిరాని నుదుటి లైటు చెరువు దగ్గర పనికొచ్చేది అందుకే. ఉప్పునీరు కాబట్టి ఐపీఎక్స్7 అని రాసి ఉన్నది చూసుకోవాలి, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడి ఉన్నా లోపలికి నీరు దూరదని. ఐపీఎక్స్4 అంటే చిందిన నీటికే. ఆ తేడా డబ్బాలో కాదు, ఆ రబ్బరు చుట్టులో ఉంటుంది. ఏడాదికోసారి దానికి కాస్త సిలికాన్ గ్రీజు రాయకపోతే ఏ అంకె వేసినా ఒకటే.

మా అమ్మకి కావలసింది మరీ చిన్నది. రాత్రి రెండింటికి లేచి బాత్రూముకి పోయిరావడానికి అయిదు ల్యూమెన్లు చాలు. ఆమె దిండు పక్కన వెయ్యి ల్యూమెన్ల టార్చి పెడితే వెలిగించిన మరుక్షణం కళ్ళు బైర్లు కమ్మి గడప తట్టుకుంటుంది. నొక్కగానే ముందు చిన్న వెలుగే వచ్చేది ఆమెకి కొనాలి. చాలా టార్చీలు ముందు పెద్ద వెలుగుతో మొదలవుతాయి, తరువాత నొక్కి నొక్కి తగ్గించుకోమంటాయి. పడీపడీ మెరిసే వెలుగు కూడా ఆ నొక్కుళ్ళలోనే పెడతారు. అది ఎవరికి కావాలో నాకైతే అర్థం కాదు. పాత సినిమా హాల్లో సీటు చూపించే కుర్రాడి టార్చి గుర్తుందా? వేళ్ళ సందుల్లోంచి మెట్టు మీదికి మాత్రమే జారే వెలుగు. చేతివేళ్ళతో వెలుగు తగ్గించుకున్న తెలివి అది.

డబ్బా మీద అంకెల విషయానికి వస్తే, దూరం ఫలానా మీటర్లు అని రాస్తారు కదా, అది టార్చి వెలుగు పున్నమి వెన్నెలంత పలచబడే చోటు, అంటే పావు లక్సు. అంత వెలుగులో మనిషి ఉన్నాడని తెలుస్తుందేమో గానీ మనిషెవరో తెలియదు. రాసినదానిలో సగమే మనదనుకుంటే మోసపోము. దూరం రెట్టింపు కావాలంటే వెలుగు పదును నాలుగు రెట్లు కావాలి, ఇంతకంటే చవక దారి లేదు. గంటల లెక్కా అంతే. వెలుగు మొదటి దానిలో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కపెడతారు. మంచి కంపెనీలు ఈ పద్ధతి 2009లో వచ్చిన అమెరికా ప్రమాణం ప్రకారం పాటిస్తాయి. సంతలో దొరికే వాటి మీద లక్షల ల్యూమెన్లు అచ్చేస్తారు, అది లెక్క కాదు, అలంకారం.

కొత్త టార్చీల్లో పనితనం లేదనుకునేరు, ఉంది. మంచి అల్యూమినియం టార్చి పట్టుకుంటే గొట్టం వెచ్చబడుతుంది. ఎల్‌ఈడీ వేడి ముందుకి పోదు, వెనక్కి పోతుంది. దాన్ని లాగి గాలికి వదిలే బాధ్యత గొట్టానిది. తల చుట్టూ చెక్కిన రెక్కలు అందుకే. మా ఇత్తడి గొట్టం కరెంటు మోసినట్టే ఇది వేడిని మోస్తుంది. 1979లో టోనీ మాగ్లికా అమెరికాలో మ్యాగ్‌లైటు తెచ్చినప్పుడు అల్యూమినియం గొట్టాన్ని లేతు మీద తిప్పి మర చెక్కిన తీరు చూసి, టార్చిని వస్తువుగా కాక పనిముట్టుగా చూడడం చాలామంది నేర్చుకున్నారు. దానికీ తల తిప్పితేనే వెలుగు బిగుస్తుంది.

రేకు మార్చి, చిలుము గీకి, సాయిబుగారు ఒక ఎల్‌ఈడీ బల్బు బిగించారు. పాత బల్బు జాగాలోనే కూర్చునే రకం, బ్యాటరీ మూడు రెట్లు ఎక్కువ వస్తుందని. సందు చివర గోడ మీదికి కొట్టి చూశాం. తెల్లగా, గట్టిగా వచ్చింది గానీ తల ఎంత తిప్పినా బిగవలేదు. ఎల్‌ఈడీ వెలుగు నేరుగా ముందుకే పోతుంది, పక్కలకి పోయి వంపుని తాకితే కదా రిఫ్లెక్టరుకి పని. అంత చక్కటి వంపు ఊరికే కూర్చుంది. నాకు మనసొప్పలేదు. తీసేయమన్నాను. ఆయన సొరుగులోంచి బిస్కెట్ల డబ్బా తీసి, దూదిలో పెట్టిన ఫిలమెంటు బల్బు ఒకటి ఏరి బిగించారు. మీట తోశాను. పసుపు వెలుగు అవతలి గోడ మీద గుండ్రంగా రూపాయి బిళ్ళలా నిలబడింది.

మా అమ్మకి వేరే కొన్నాను, అయిదు ల్యూమెన్లది. పొలం వెళ్ళేవాళ్ళకి తొంభై సీఆర్‌ఐ ఎల్‌ఈడీయే చెబుతాను, మా ఇత్తడిది చెప్పను. ఇది మళ్ళీ వసారాలో మేకుకే వేలాడుతోంది. ఈసారి బ్యాటరీలు తీసి పక్కన పెట్టాను. రేకుకీ బల్బుకీ కలిపి సాయిబుగారు అరవై రూపాయలు తీసుకున్నారు. స్ప్రింగు కింద పెదనాన్న దాచిన బల్బుని ఆయన మళ్ళీ అదే కాగితంలో చుట్టి అక్కడే పెట్టారు.